ఇద్దరు షార్ట్‌స్టాప్‌లలో ఎవరిని ఎంచుకోవాలి? మైనర్ లీగ్ కుర్రాళ్లను పోల్చి చూసే పద్ధతి

న్యూజెర్సీ తెలుగువాళ్లకు బ్రిడ్జ్‌వాటర్ అనగానే వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అదే ఊళ్లో ఒక బేస్‌బాల్ స్టేడియం ఉంది. అక్కడ ఆడే సోమర్‌సెట్ పేట్రియట్స్ 2021 నుంచి న్యూయార్క్ యాంకీస్‌కి డబుల్ ఏ జట్టు, అంటే అన్నిటికంటే పైనుండే మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింద. పొద్దున దర్శనం, క్యాంటీన్‌లో పులిహోర, ఆ తర్వాత ఆట. వేసవిలో మా ఇంట్లో చాలా ఆదివారాలు ఇలాగే గడుస్తాయి.

మా అబ్బాయి స్నేహితులతో కలిసి డైనాస్టీ లీగ్ ఆడతాడు. ఫాంటసీ లీగ్ అంటే నిజం ఆటగాళ్లను ఎంచుకుని ఊహా జట్టు కట్టి, మైదానంలో వాళ్లు చేసే అంకెలతో పాయింట్లు లెక్కేసుకునే ఆట. మామూలు ఫాంటసీ లీగ్‌లో సీజన్ అయిపోగానే జట్టు చెదిరిపోతుంది. డైనాస్టీలో అలా కాదు, ఒకసారి తీసుకున్న ఆటగాడు మనం వదిలేసేదాకా మనవాడే. అందుకని మేజర్ లీగ్‌కి ఇంకా రాని కుర్రాళ్లను ముందే పట్టుకోవాలి. 2022 వేసవిలో వాడు నన్ను అడిగాడు: "నాన్నా, వోల్పీనా, పెరాజానా?"

ఇద్దరూ యాంకీస్ కుర్రాళ్లే, ఇద్దరూ షార్ట్‌స్టాప్‌లే, అంటే సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య నిలబడే ఫీల్డర్లు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను నేర్చుకున్నది, ఆ తర్వాత మూడేళ్లలో జరిగింది చూసి సరిదిద్దుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీరు ఆటగాళ్ల బొమ్మల కార్డులు కొనేవాళ్లైనా, ఫాంటసీ ఆడేవాళ్లైనా, ఊళ్లో జట్టు ఆట చూస్తూ ఎవరి మీద కన్నేసి ఉంచాలా అని ఆలోచించేవాళ్లైనా పనికొస్తుంది.

ఆ రోజు మా ముందున్న ఇద్దరు

ఓస్వాల్డ్ పెరాజాది వెనిజులా. 2016లో యాంకీస్‌తో సంతకం చేశాడు. 2021లో కొన్నాళ్లు మా బ్రిడ్జ్‌వాటర్‌లోనే ఆడి వెళ్లాడు. 2022లో మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద, ట్రిపుల్ ఏ స్క్రాంటన్‌లో 19 హోమ్ రన్లు (కంచె దాటించే దెబ్బలు) కొట్టి 33 బేస్‌లు దొంగిలించాడు. దొంగిలించడం, అంటే స్టీల్, బంతి విసురుతుండగానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం. అప్పటికి వాడికి 22 ఏళ్లు.

ఆంథొనీ వోల్పీది న్యూజెర్సీయే. మారిస్‌టౌన్‌లోని డెల్‌బార్టన్ స్కూల్లో చదివాడు, మా స్టేడియానికి పెద్ద దూరం కాదు. 2019 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునేచోట, 30వ ఆటగాడిగా యాంకీస్ తీసుకుంది. 2021లో రెండు కింది స్థాయిల్లో కలిపి 27 హోమ్ రన్లు కొట్టేసరికి పేరు మోగిపోయింది. 2022లో 21 ఏళ్ల వయసులో సోమర్‌సెట్‌లో ఆడుతున్నాడు.

అప్పట్లో అందరి నోటా వినపడిన మాట ఒకటే. పెరాజా ఫీల్డింగ్ గట్టిది, ఇప్పుడే మేజర్ లీగ్‌లో దింపేయొచ్చు. వోల్పీది బ్యాట్, కానీ చేతిలో విసురు అంతంతమాత్రం, రేపో మాపో అంత దూరం విసరక్కర్లేని సెకండ్ బేస్‌కి జరుగుతాడు.

మరి జరిగిందేమిటి? 2023 సీజన్ మొదటి రోజే వోల్పీ యాంకీస్ షార్ట్‌స్టాప్‌గా దిగాడు. ఆ ఏడాది బ్యాటింగ్ సగటు .209 మాత్రమే (వెయ్యి ప్రయత్నాలకి 209 హిట్ల లెక్క), స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి అవుటవడం) 167. హోమ్ రన్లు 21, స్టీల్స్ 24. దేనివల్ల వస్తాడన్నారో ఆ బ్యాట్ తడబడింది. దేని మీద అనుమానపడ్డారో ఆ ఫీల్డింగ్‌కి అమెరికన్ లీగ్ షార్ట్‌స్టాప్ గోల్డ్ గ్లవ్, అంటే ఉత్తమ ఫీల్డర్ అవార్డు, వచ్చింది. పెరాజాకి మాత్రం యాంకీస్‌లో స్థిరమైన చోటు దొరకలేదు. 2025 జులైలో ఏంజెల్స్‌కి పంపేశారు.

మా అబ్బాయికి నేను వోల్పీ పేరే చెప్పాను. పేరు సరైందే, నేను చెప్పిన కారణం సరైంది కాదు. బ్యాట్ చూసి చెప్పాను. ఇప్పుడు అదే ప్రశ్న ఎవరైనా అడిగితే నేను చూసే వరుస వేరు.

ముందు వయసు, ఆడుతున్న మెట్టు

మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో ఒక్కోదానికి నాలుగేసి మైనర్ లీగ్ జట్లుంటాయి: లో ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. లో ఏలో సగటు వయసు 21 దరిదాపుల్లో ఉంటుంది, డబుల్ ఏకి వచ్చేసరికి 23-24, ట్రిపుల్ ఏలో 26 దాకా వెళుతుంది. 20 ఏళ్ల కుర్రాడు డబుల్ ఏలో .260 కొట్టడం, 24 ఏళ్లవాడు హై ఏలో .320 కొట్టడం ఒకటి కాదు. పదో తరగతి పిల్లాడు ఇంటర్ పరీక్ష రాసి అరవై మార్కులు తెచ్చుకుంటే మనం ఏమంటామో ఇక్కడా అదే.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టినప్పుడు ముందు ఈ రెండు అంకెలు రాసుకోండి. వయసులో రెండేళ్ల తేడా ఉండి ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటే, చిన్నవాడి అంకెలు కాస్త తక్కువగా కనిపించినా నేను చిన్నవాడి వైపే మొగ్గుతాను. వోల్పీకి, పెరాజాకి మధ్య తేడా పది నెలలే కాబట్టి వాళ్ల విషయంలో ఇది పెద్దగా తేల్చలేదు.

అసలు సంగతి స్ట్రైకౌట్లలో ఉంది

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

బ్రాండన్ వుడ్ అని ఒక షార్ట్‌స్టాప్ ఉండేవాడు. 2003లో ఏంజెల్స్ మొదటి రౌండ్‌లో తీసుకుంది. 2005లో హై ఏ స్థాయిలో, ర్యాంచో కుకమాంగా జట్టుకి 43 హోమ్ రన్లు కొట్టాడు. షార్ట్‌స్టాప్‌లో నిలబడేవాడు 43 కొడితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. తర్వాతి ఏడాది డబుల్ ఏలో 25 కొట్టాడు, స్ట్రైకౌట్లు మాత్రం 149కి చేరాయి. పిచర్లు (బంతి విసిరేవాళ్లు) మెరుగయ్యేకొద్దీ వుడ్ బ్యాట్ గాలిలో తిరగడం ఎక్కువైంది. మేజర్ లీగ్‌లో అతని మొత్తం కెరీర్ సగటు .186, హోమ్ రన్లు 18. 2010లో 71 సార్లు స్ట్రైకౌట్ అయి, 6 సార్లే వాక్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్లడం) తీసుకున్నాడు. చాలా కష్టపడ్డ కుర్రాడు. అతని అంకెలు చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. అయినా పోల్చి చూడ్డం నేర్చుకోవాలంటే ఆ 2006 లెక్క చదవాల్సిందే.

ఇప్పుడు దీనికి పూర్తి ఎదురు కేసు. నిక్ మాడ్రిగల్‌ని 2018లో వైట్ సాక్స్ డ్రాఫ్ట్‌లో నాలుగో ఆటగాడిగా తీసుకుంది. 2019లో మూడు స్థాయిల్లో కలిపి 120 ఆటలాడితే 16 సార్లే స్ట్రైకౌట్ అయ్యాడు. వినడానికి నమ్మబుద్ధి కాదు. బంతి బ్యాట్‌కి తగలడమే కొలమానమైతే వాడంత మొనగాడు ఇంకొకడు లేడు. కానీ తగిలిన బంతిలో బలం లేదు. కంచె దాటించలేని బ్యాటర్‌కి పిచర్లు భయపడరు, నేరుగా స్ట్రైక్ జోన్‌లోకే, అంటే వదిలేస్తే స్ట్రైక్ పడే పరిధిలోకే వేస్తారు. అప్పుడు వాక్‌లు కూడా దొరకవు. రెండేళ్లకే, 2021 జులైలో వైట్ సాక్స్ వాడిని కబ్స్‌కి ఇచ్చేసింది.

ఈ రెండు కొసలకీ మధ్యలో ఉన్నవాడిని వెతకాలి. వాడెలా ఉంటాడంటే హోసే రమీరెజ్‌లా. 2009లో క్లీవ్‌లాండ్ 50,000 డాలర్లకి తీసుకున్న పొట్టి కుర్రాడు. మైనర్ లీగ్‌లో సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్ ఆడుతూ స్ట్రైకౌట్లు తక్కువగా, వాక్‌లు సరిపడా ఉండేలా చూసుకున్నాడు. హోమ్ రన్లు అప్పట్లో అంతంతే. బలం తర్వాత వచ్చింది. 2024లో థర్డ్ బేస్ నుంచి 39 హోమ్ రన్లు, 41 స్టీల్స్. మూకీ బెట్స్‌ది కూడా ఇలాంటి కథే. 2012లో బోస్టన్ కింది జట్టు లోవెల్‌లో సెకండ్ బేస్ ఆడుతూ 71 ఆటల్లో ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. 2018కల్లా ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు. ఏ బంతిని ఆడాలి, ఏది వదిలేయాలి అన్న చూపు ఉన్నవాడికి ఒళ్లు నిండాక బలం తోడైతే బంతి దూరం వెళుతుంది. బలం ముందే ఉండి చూపు లేనివాడికి ఆ చూపు తర్వాత రావడం నేను చాలా తక్కువగా చూశాను.

నా సొంత లెక్క ఇది. మేజర్ లీగ్‌లో వందసార్లు బ్యాటింగ్‌కి వస్తే సగటున 22-23 స్ట్రైకౌట్లు, 8-9 వాక్‌లు. డబుల్ ఏలో కుర్రాడి స్ట్రైకౌట్లు వందకి 28 దాటితే నేను వెనక్కి తగ్గుతాను. 20 లోపు ఉండి, వాక్‌లు 9 దాటితే వాడి మిగతా కాగితాలన్నీ తీసి చదువుతాను. అంతకంటే ముఖ్యం, మెట్టు మారినప్పుడు ఆ అంకె ఎంత మారింది అన్నది. వోల్పీ 2022 చివర్లో స్క్రాంటన్‌కి వెళ్లి 22 ఆటల్లో 30 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. చిన్న లెక్కే కదా అని అప్పుడు దాటేశాను. 2023లో వచ్చిన 167కి ముందస్తు కబురు అదే. ఒక్క నెల ఆటతో కుర్రాడిని కొట్టేయకూడదు, నిజమే. కానీ సగటు పడిపోవడం వేరు, స్ట్రైకౌట్లు ఒక్కసారిగా పెరగడం వేరు. మొదటిదాంట్లో అదృష్టం పాలు చాలా ఉంటుంది, రెండోదాంట్లో తక్కువ.

ఫీల్డింగ్‌ని తప్పుల లెక్కతో కొలవొద్దు

1993లో గ్రీన్స్‌బరో జట్టులో 19 ఏళ్ల షార్ట్‌స్టాప్ ఒకడు ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు చేశాడు. అతని పేరు డెరెక్ జీటర్. తర్వాత అయిదు గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు. కింది స్థాయిలో మైదానాలు ఎగుడుదిగుడు, ఫస్ట్ బేస్‌లో పట్టేవాడూ కొత్తవాడే. పైగా ఎక్కువ బంతుల దగ్గరికి చేరేవాడే ఎక్కువ తప్పులు చేస్తాడు.

అంకెలకంటే కంటితో చూడ్డమే మేలు. ఒక సాయంత్రం గేటు తీయగానే వెళ్లి ఫస్ట్ బేస్ వైపు ముందు వరసలో కూర్చున్నాను. ఇన్‌ఫీల్డర్లు గ్రౌండ్ బాల్స్ పడుతున్నారు. షార్ట్‌స్టాప్‌లో ఉన్న కుర్రాడికి కోచ్ వరసగా థర్డ్ బేస్ వైపు లోతుగా కొడుతున్నాడు. మొదటి నాలుగు బంతులకీ వాడు బ్యాక్‌హ్యాండ్‌తో పట్టి, రెండడుగులు వేసి, అప్పుడు విసిరాడు. అయిదోసారి పట్టడమూ కుడికాలు నేలలో పాతడమూ ఒకేసారి జరిగాయి. అదనపు అడుగు లేదు. బంతి ఫస్ట్ బేస్‌కి ఛాతీ ఎత్తులో చేరింది. కోచ్ చెయ్యెత్తి ఏదో అన్నాడు, కుర్రాడు తల ఊపి మళ్లీ అదే చోటికి వెళ్లి నిలబడ్డాడు. అంతదాకా చేతి బలం చాలదనుకున్నది నిజానికి పాదాల సంగతి. వోల్పీ మీద వచ్చిన అనుమానానికీ జవాబు ఇదేనని నాకు తర్వాత అర్థమైంది. తొంభై మైళ్ల వేగంతో విసరకపోయినా, బంతిని చేతిలోకి తీసుకునే వేగం, పాదాల కుదురు ఆ లోటు పూడ్చేస్తాయి.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. బ్యాట్‌కి బంతి తగిలిన క్షణం నొక్కి, ఫస్ట్ బేస్‌మన్ పట్టినప్పుడు ఆపండి. మామూలు కుడిచేతి బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి చేరడానికి 4.3 సెకన్ల దాకా పడుతుంది. మీ షార్ట్‌స్టాప్ మామూలు బంతుల్ని 4 సెకన్లలోపు చేర్చేస్తూ, లోతైనవాటిని కూడా 4.3లోపు ముగిస్తుంటే వాడక్కడే ఉంటాడు. మామూలు బంతులే 4.2 తీసుకుంటుంటే రెండేళ్లలో సెకండ్ బేస్‌కి జరుగుతాడని అనుకోవచ్చు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, అదే బ్యాట్ విలువ నిలబడే చోటుని బట్టి మారిపోతుంది. .250 కొట్టి 15 హోమ్ రన్లు చేసే షార్ట్‌స్టాప్‌కి ఏ జట్టైనా చోటిస్తుంది. అవే అంకెలతో ఫస్ట్ బేస్‌లో బతకడం కష్టం. షార్ట్‌స్టాప్ ఆడగలిగినవాడికి సెకండ్, థర్డ్, చివరికి అవుట్‌ఫీల్డ్ తలుపులన్నీ తెరిచే ఉంటాయి. సెకండ్ బేస్‌తోనే మొదలైనవాడికి దిగడానికి మెట్లు తక్కువ. వోల్పీకి .209తోనూ ఆ ఏడాదంతా చోటు నిలిచిందంటే కారణం ఫీల్డింగే.

పైన ఎవరున్నారు?

కుర్రాడు ఎంత మంచివాడైనా పైన కుర్చీ ఖాళీగా ఉండాలి. బెట్స్ బోస్టన్‌లో సెకండ్ బేస్‌మన్‌గా ఎదిగాడు, కానీ అక్కడ ఆ చోట అప్పటికే డస్టిన్ పెడ్రోయా పాతుకుపోయి ఉన్నాడు. అందుకే 2014లో అవుట్‌ఫీల్డ్‌కి పంపారు. బెట్స్‌కి కాళ్ల వేగం ఉంది కాబట్టి నెగ్గుకొచ్చాడు. అది లేనివాడైతే ట్రిపుల్ ఏలో ఏళ్లు గడిచిపోయేవి.

ఒక నిబంధన కూడా తెలిసుండాలి. 40 మంది జాబితాలోకి ఎక్కిన ఆటగాడిని జట్టు సాధారణంగా మూడు సీజన్లే పైకీ కిందికీ తిప్పగలదు. ఆ మూడూ అయిపోతే పైన ఉంచుకోవాలి, లేదా మిగతా జట్లకి అందేలా వదిలేయాలి. పెరాజా 2025లో ఆ స్థితిలోనే ఉన్నాడు. రోజూ ఆడే చోటు లేదు, కిందికి పంపి రోజూ ఆడించే వీలూ లేదు. బెంచీ మీద కూర్చుని వారానికి రెండుసార్లు బ్యాట్ పట్టుకుంటే ఏ కుర్రాడి స్వింగ్ అయినా తుప్పు పడుతుంది. 2022లో "పెరాజా ఒక్క మెట్టు దూరంలో ఉన్నాడు" అన్నది మా అబ్బాయికి బలంగా కనిపించింది. దగ్గరగా ఉండటం వేరు, చోటు ఉండటం వేరు.

మోసం చేసే అంకెలు కొన్ని

గాలి, ఎత్తు. కాలిఫోర్నియా ఎడారిలోని లాంకాస్టర్‌లో గాలి బంతిని మోసుకుపోయేది. అయిదువేల అడుగుల ఎత్తున్న ఆల్బకర్కీలో ఇప్పటికీ మామూలు దెబ్బలు కూడా కంచె దాటతాయి. హోసే ఆల్టువే 2011లో లాంకాస్టర్‌లో .408 కొట్టినప్పుడు నమ్మకపోయినా తప్పు లేదు. అక్కడినుంచి డబుల్ ఏ కార్పస్ క్రిస్టీకి వెళ్లి .361 కొట్టినప్పుడు నమ్మాలి. అయిదడుగుల ఆరంగుళాల మనిషి, 15,000 డాలర్లకి సంతకం చేసినవాడు, ఆ జులైలోనే మేజర్ లీగ్‌లో ఉన్నాడు, 2017లో ఎంవీపీ అయ్యాడు. ఎత్తు చూసి ఇన్‌ఫీల్డర్‌ని పక్కన పెట్టేవాళ్లకి నేను ఇతని పేరే చెబుతాను.

స్టీల్స్ కూడా అంతే. వోల్పీ 2022లో రెండు స్థాయిల్లో కలిపి 50 దొంగిలించాడు, మరుసటేడు పైన 24 వచ్చాయి. సగానికి సగం తగ్గించి చూసుకుంటే దిగులుండదు. 2023లో ట్రిపుల్ ఏ మైదానాలన్నిటిలో బంతి స్ట్రైకా కాదా అన్న తీర్పులో యంత్రం చేయి పెట్టింది, వాక్‌లు బాగా పెరిగాయి. ఆ ఏడాది ట్రిపుల్ ఏ వాక్‌లను కొంచెం తగ్గించి చదవాలి.

పైకి వచ్చిన మొదటి రెండు వారాల అంకెలనైతే అసలు లెక్కలోకి తీసుకోవద్దు. 2022 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడు జాక్సన్ హాలిడే 2024 ఏప్రిల్‌లో వచ్చి 34 ప్రయత్నాల్లో 2 హిట్లు కొట్టి కిందికి వెళ్లాడు, అదే ఏడాది తిరిగొచ్చాడు. పెడ్రోయా 2006లో .191తో మొదలుపెట్టి 2007లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు), 2008లో ఎంవీపీ అయ్యాడు. ఇలాంటప్పుడు టెన్షన్ పడి వదిలేసినవాళ్ల దగ్గర నుంచే తెలివైనవాళ్లు ఎత్తుకుపోతారు.

ఇక ఎవరిని తీసుకోవాలి?

అది మీకు దేనికి కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

డైనాస్టీ లీగ్ అయితే, ఫాంటసీలో ఫీల్డింగ్‌కి పాయింట్లు లేవని చాలామంది దాన్ని వదిలేస్తారు. నేను వదలను. రోజూ మైదానంలోకి దిగేవాడికే పాయింట్లు వస్తాయి, ఫీల్డింగ్ బాగున్నవాడినే బ్యాట్ తడబడుతున్నా దింపుతారు. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: డబుల్ ఏలో స్ట్రైకౌట్లు, షార్ట్‌స్టాప్‌లో నిలుస్తాడా, పైన ఖాళీ ఉందా, ఆ తర్వాతే హోమ్ రన్లు. మీ జట్టు ఈ ఏడాదే గెలిచే స్థితిలో ఉంటే మాత్రం ట్రిపుల్ ఏ కుర్రాడిని ఇచ్చేసి అనుభవమున్న మేజర్ లీగ్ ఆటగాడిని తెచ్చుకోవడమే మంచిది.

కార్డులైతే లెక్క వేరు. అక్కడ ధర పెంచేది హోమ్ రన్లు, జట్టు పేరు. యాంకీస్, డాడ్జర్స్ కుర్రాడి కార్డు ఆడకముందే ఖరీదు. సెకండ్ బేస్ ఆడే, స్ట్రైకౌట్లు తక్కువున్న, ఇంకా బలం రాని 20 ఏళ్ల కుర్రాడి కార్డు కాఫీ ఖర్చుతో దొరుకుతుంది. నేనైతే పేరున్న ఒక్క కార్డు డబ్బుతో అలాంటివి పది కొంటాను. పదింట్లో తొమ్మిది పెట్టె అడుగుకే వెళ్లినా ఫర్వాలేదు. ధర ఇప్పటికే ఆకాశంలో ఉన్న కార్డుని మాత్రం ఆ కుర్రాడు పైకి రాకముందే అమ్మేయమంటాను. అంత ఆశ ఇంకెప్పుడూ ఉండదు.

ఊరికే ఆట చూడ్డానికి వెళ్లేవాళ్లు ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. ఫస్ట్ బేస్ వైపు టికెట్ తీసుకోండి, గంట ముందు వెళ్లండి. షార్ట్‌స్టాప్ కుడివైపుకి వెళ్లే బంతిని పట్టేటప్పుడు కుడికాలు ఎక్కడ పడుతుందో చూడండి. బ్యాటింగ్‌లో రెండు స్ట్రైకులు పడ్డాక కిందికి జారిపోయే స్లైడర్‌కి బ్యాట్ కదిలిస్తాడా, ఆపుకుంటాడా చూడండి. మా అబ్బాయి ఇప్పుడు ఒక చిన్న నోటుపుస్తకంలో ఈ రెండే రాసుకుంటున్నాడు, ఒక్కో కుర్రాడికి ఒక్కో పేజీ. పోయిన ఆదివారం వాడు కొత్త సెకండ్ బేస్‌మన్ పేరు మీద పేజీ మొదలుపెట్టాడు. నాలుగుసార్లు స్లైడర్ వచ్చింది, మూడుసార్లు వదిలేశాడు.